సముద్రపు పచ్చిక, దాని జమాఖర్చులు

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్. బి. నగరునకు పోవు పెద్దబాటకు సమీపముననే సరూర్‌నగరు చెరువు కలదు. వేసవిలో దాని కట్టమీద నడచువారు నీటి రంగును గమనింపకపోరు. వానలు కురిసినపుడు బురదరంగుతో నుండు నీరు, ఎండలు ముదిరినకొలది పచ్చబడి, కొన్ని తావులయందు తోటకూర ఉడికిన నీటిని పోలియుండును. ఆ నీటిని ఒక గాజుగ్లాసున ముంచి వెలుతురునకెత్తి చూచినచో, పచ్చదనము నీటిది కాదనియు, నీటిలో తేలియాడు లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవులదనియు తెలియగలదు. ఇట్టి జీవులకే ప్లవకములని పేరు.

చెరువులో నున్నట్లే సముద్రమునందును ప్లవకములు కలవు. సముద్రము మన నగరమునకు 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. మన పేటల బాలబాలికలలో దానిని కన్నులార చూడనివారు పలువురుందురు. అయినను ఆ సముద్రముమీద ప్లవకము లెచ్చట వృద్ధిపొందుచున్నవో కనిపెట్టి లెక్కలు కట్టు కార్యస్థానము మన హైదరాబాదుననే యున్నది. ఎల్. బి. నగరున మెట్రో రైలెక్కి, మియాపూరు దిక్కుగా పోయి, జె. ఎన్. టి. యు. కళాశాల స్టేషనున దిగి, అచ్చటినుండి కొద్దిదూరము పోయిన ప్రగతినగరు చేరుదుము. అచ్చట నున్నదే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము. దీనినే సంక్షేపముగా ఇన్‌కాయిస్ అందురు. ఇది 1999వ సంవత్సరమున స్థాపింపబడినది.

కంటికగపడని జీవుల పెరుగుదలను ఇంత దూరమునుండి లెక్కించుట యెట్లు? ఆ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చును? అది ఎవరికి ఉపయోగము? మన చెరువునకు దానితో సంబంధమేమి? ఈ ప్రశ్నలకు సమాధానములను ఈ వ్యాసమున వివరింప బూనితిమి.

ప్లవకము లనగా నేవి?

జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడైన విక్టర్ హెన్సెన్ 1887లో ఈ జీవులకు ప్లాంక్టన్ అను పేరిడెను. గ్రీకుభాషయందు దాని కర్థము దేశదిమ్మరి యని. అవి స్వశక్తిచే ప్రవాహమున కెదురీదజాలవు. నీ రెటు పోయిన నటు పోవును. మన భాషయందు ప్లవమనగా తేలుట గనుక ప్లవకమను పేరు తగియున్నది.

ఇవి రెండు తెగలు. సూర్యకాంతిచే తమ యాహారమును తామే సిద్ధము చేసికొనునవి వృక్షప్లవకములు. వీనిలో మిక్కిలి చిన్నవి మిల్లీమీటరులో వేయవవంతుకంటె తక్కువ పరిమాణము గలవి. వృక్షప్లవకములను తిని బ్రతుకునవి జంతుప్లవకములు. చిన్నచిన్న రొయ్యజాతి జీవులు, చేపల గ్రుడ్లనుండి వెలువడిన పసికూనలు ఇందు చేరును. భూమిమీద జరుగు కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగభాగము సముద్రముననే జరుగుచున్నదనియు, అందు అత్యధికము ఈ వృక్షప్లవకములదే యనియు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పచ్చికలేని పొలమున పసువులెట్లుండవో, ఈ తేలియాడు పచ్చికలేని కడలియందు చేపలట్లే యుండవు.

ఇందుకు మన తీరమందలి కనగుర్తయే సాక్షి. ఈ చేపకు ప్లవకములే ముఖ్యాహారము. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండుదేశపు వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను వర్ణించుచు 1803లో గ్రంథము ప్రకటించి, అందు మన జాలరులు వాడు పేర్లనే వ్రాసెను. ఆ గ్రంథమునుండియే కనగుర్త యను తెలుగుపేరు ఈ చేప శాస్త్రీయనామమున నెక్కి, నేటికిని ప్రపంచమంతట నిలిచియున్నది.

సముద్ర మంతయు పచ్చబడదేల?

అనుకూలపరిస్థితులలో ఒక వృక్షప్లవకము దినమున కొకసారి రెండుగా చీలగలదు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. పదిదినములకు 1,024, ఇరువదిదినములకు 10,48,576, ముప్పదిదినములకు 107 కోట్లకు పైబడును. ఈ విధముగనే సాగినచో కొలదినెలలలో సముద్రమంతయు పచ్చని ముద్ద కావలెను. అట్లు కాలేదు. కావున పెరుగుటకు తోడుగా తరుగుటయు నుండవలెను. లేక పెరుగుదలకే అడ్డంకులుండవలెను. నిజమునకు రెండును కలవు.

మొదటి యడ్డంకి వెలుతురు. నీటిలోనికి పోయినకొలది కాంతి క్షీణించును. తేటయైన నడిసముద్రమున సుమారు నూరుమీటర్ల లోతువరకే కిరణజన్య సంయోగక్రియకు చాలినంత వెలుతురుండును. బురదనీరు గల తీరములందు ఇంకను తక్కువ.

రెండవది యెరువు. పొలమునకు వలెనే వృక్షప్లవకములకును నైట్రేటు, ఫాస్ఫేటు మొదలగు పోషకములు కావలెను. చచ్చిన జీవులు అడుగునకు దిగి కుళ్లుటచే ఈ పోషకములు లోతునీటియందు నిలువయుండును. వెలుతురు పైన, యెరువు క్రింద! ఈ రెండును కలిసికొన్న తావుననే సముద్రపు పచ్చిక మొలచును. గాలులు నీటిని తిరుగగలచినపుడుగాని, తీరమునుండి పైనీరు నెట్టబడి అడుగునీరు పైకి ఉబికినపుడుగాని ఈ కలయిక సంభవించును.

మన బంగాళాఖాతముయొక్క కష్టమిదియే. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మున్నగు నదులు దానిలో మంచినీటిని కుమ్మరించుచున్నవి. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక అది పైన మూతవలె నిలుచును. ఈ మూతను పగులగొట్టి అడుగునీటిని పైకి తెచ్చుటకు సాధారణపు గాలులు చాలవు. నైరృతిఋతుపవనములచే తీవ్రముగా కలతపడు అరేబియాసముద్రముకంటె బంగాళాఖాతమున ప్లవకములు తక్కువగా నుండుటకు ఇది ముఖ్యకారణము. తుపాను వచ్చినపుడు మాత్రము మూత తొలగును. 1999వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన ఒడిశాతీరమును దాటిన మహాతుపాను పిమ్మట, ఆ ప్రాంతపు సముద్రమున పత్రహరితము హెచ్చుట మన దేశపు ఓషన్‌శాట్ ఉపగ్రహము తీసిన చిత్రములలో కానవచ్చెను. నేలమీద వేలకొలది ప్రాణములను హరించిన గాలియే నీటిలో పచ్చికను మొలపించెను.

మూడవది తినువారు. నాలుగవది అడుగునకు దిగిపోవుట. ఐదవది ప్రవాహములచే చెదరిపోవుట. ఇన్ని కారణములు ఒక్కసారి పనిచేయుచుండగా ఫలితమును ఊహచే చెప్పుట అసాధ్యము, లెక్క కట్టవలసినదే. ఆ లెక్కనే గణితనమూనా యందురు.

జమాఖర్చుల పుస్తకము

నమూనా యనగానే భయపడ నక్కరలేదు. కిరాణాదుకాణపు జమాఖర్చుల పుస్తకము తెలిసినవారికి దీని మూలసూత్రము తెలిసినట్లే. దిల్‌సుఖ్‌నగరు కూడలిలో ఈ గంటకు ఎంతమంది జనులున్నారో తెలియవలె ననుకొందము. పోయినగంట నున్నవారి సంఖ్యకు, బస్సులనుండియు మెట్రోనుండియు దిగినవారిని కలిపి, ఎక్కిపోయినవారిని తీసివేసిన చాలును. ఇట్లే చైతన్యపురికి, కొత్తపేటకు, ఎల్. బి. నగరునకు వేరువేరు ఖాతాలు వ్రాసినచో, ఒకచోట ఖర్చు పడినది ప్రక్కచోట జమ పడును.

శాస్త్రజ్ఞులు సముద్రమునంతటిని ఈరీతినే గళ్లుగళ్లుగా విభజింతురు. వెడల్పున కొన్ని కిలోమీటర్లు గల గళ్లను ప్రక్కప్రక్కలను మాత్రమే కాక, అంతస్తులవలె ఒకదానిక్రింద నొకటిగను ఏర్పరుతురు. ప్రతిగడికిని ఖాతా తెరతురు. అయితే మనుష్యుల ఖాతాకును ప్లవకముల ఖాతాకును ఒక భేదము కలదు: ప్లవకములు గడిలో నుండగనే పిల్లలను కనును, తినబడును.

ఒక యుదాహరణము చూతము. అంకెలు అర్థమగుటకై మేము కల్పించినవి. ఒక గడిలో ఉదయమున 1,000 ప్లవకములున్నవి. ఆ దినమున చీలుటచే 500 జమ. ప్రక్కగళ్లనుండి కొట్టుకొని వచ్చినవి 100 జమ. జంతుప్లవకములు తిన్నవి 300 ఖర్చు. అడుగునకు దిగినవి 50 ఖర్చు. ప్రవాహముతో వెలుపలికి పోయినవి 200 ఖర్చు. నిలువ 1,050. అనగా నూటికి ఐదు వృద్ధి. ప్రతిదినము ఇదే నిష్పత్తి నిలిచినచో ముప్పదిదినములకు 1,000 కాస్త సుమారు 4,320 అగును.

ఇప్పుడు తినువారు కొంచెము పెరిగి, 300కు బదులు 400 తినిరనుకొందము. నిలువ 950. నూటికి ఐదు క్షయము. ముప్పదిదినములకు మిగులునవి సుమారు 215 మాత్రమే. తిండిలో మూడవవంతు హెచ్చుదల నెల తిరుగునప్పటికి ఇరువదిరెట్ల భేదముగా పరిణమించినది! చీలుట యెంత, తినుట యెంత యను రెండు పెద్ద అంకెల నడిమి చిన్న వ్యత్యాసమే ఇచ్చట సర్వమును నిర్ణయించుచున్నది. నమూనాల బలమును బలహీనతయును రెండును ఇందే యున్నవి. కొలతలో కొద్దిపాటి పొరపాటున్నను దూరపుభవిష్యత్తు తారుమారగును. కావుననే శాస్త్రజ్ఞులు లెక్కను ఒకసారి కట్టి యూరకుండక, క్రొత్త కొలతలు వచ్చినపుడెల్ల దిద్దుచుందురు.

ఇంకొక మెలకువ కలదు. చీలు వేగము ఎల్లప్పుడును ఒక్కటి కాదు. ఆకలిగొన్న బాలునకు రెండుముద్దలకు బదులు నాలుగు పెట్టిన రెట్టింపు తినును. కాని విస్తరినిండ వడ్డించి, ఇంకను కుప్పపోసినంతమాత్రమున వాడింకను వేగముగ తినలేడు. ప్లవకములును అట్టివే. పోషకములు కొరతగా నున్నపుడు కొంచెము కలిపినను పెరుగుదల హెచ్చును; సమృద్ధియైన పిమ్మట ఎంత కలిపినను హెచ్చదు. ఈ న్యాయమునుగూడ నమూనాలో వ్రాయుదురు.

ఇట్టి లెక్కలకు దారితీసినవారిలో నొకరు అమెరికాశాస్త్రజ్ఞుడైన గోర్డన్ రైలీ. ఆయన ఆ దేశపు ఈశాన్యతీరమున జార్జెస్ బ్యాంకు అను మత్స్యసమృద్ధమైన ప్రదేశమునకు, కిరణజన్య సంయోగక్రియను జమగను, శ్వాసక్రియను, జంతుప్లవకముల తిండిని ఖర్చులుగను వ్రాసి, సంవత్సరము పొడుగునను ప్లవకము లెట్లు పెరిగి తరుగునో గణించి, 1946లో ప్రకటించెను. ఓడలపై పోయి కొలిచిన కొలతలు ఆ గణితముతో చాలవరకు సరిపోయెను. 1990లో ఫాషమ్ మొదలగువారు నైట్రేటు, అమ్మోనియ, సూక్ష్మక్రిములు, చచ్చిన పదార్థము మున్నగు ఖాతాలను చేర్చి విపులమైన నమూనాను ప్రకటించిరి. నేటి నమూనాలలో పెక్కింటికి అదియే మాదిరి. నేడు లక్షలకొలది గళ్లకు ఈ లెక్కలను కంప్యూటర్లు చేయుచున్నవి.

చెదరుట, నిలుచుట

పెరుగుటకన్న చెదరుటను లెక్కించుట కష్టతరము. 1948లో రిచర్డ్‌సన్, స్టొమ్మెల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు స్కాట్లండునందలి ఒక సముద్రపుపాయలో, ముల్లంగివంటి పార్స్‌నిప్ అను దుంపముక్కలను జతలుజతలుగా వేసి, అవి యెంత త్వరగా నొకదానినుండి యొకటి విడిపోవునో కొలిచిరి. దగ్గరగా నున్న ముక్కలు మెల్లగా విడిపోయెను. దూరముగా నున్నవి వేగముగా విడిపోయెను. చిన్నసుడులు ముక్కల నడిమి దూరమును కొంచెముగా పెంచును. దూరము పెరిగినపిమ్మట పెద్దసుడులును ఆ పనికి పూనుకొనును. సముద్రమున ఒక బిందెడు రంగుపోసిన, అది మొదట మెల్లగను, పిదప నానాటికి వేగముగను వ్యాపించుట కిదియే కారణము.

అట్లయిన ప్లవకములు గుంపులుగా నిలుచు టెట్లు? ఈ ప్రశ్నకు 1951లో స్కెల్లమ్, 1953లో కీర్‌స్టెడ్, స్లొబోడ్కిన్ అనువారు చక్కని సమాధానము కనుగొనిరి. కుంపటిలోని నిప్పును చూడుడు. ఒక్క నిప్పుకణికను వెలుపల పెట్టిన క్షణములో చల్లారును. కుప్పగా నున్న నిప్పు చాలసేపు కనకనలాడును. వేడి కుప్పయంతటను పుట్టును, పోవుట మాత్రము అంచులనుండి. ప్లవకములును గుంపంతటను పుట్టుచు అంచులనుండి చెదరిపోవును. కావున గుంపు ఒక పరిమాణమునకు తక్కువైనచో చెదరుటయే గెలుచును. ఎక్కువైనచో పెరుగుటయే గెలుచును.

ఆ పరిమాణమును పై తరగతుల విద్యార్థులు తామే గణింపవచ్చును. మంచినీటి పట్టెవంటి అనుకూలప్రదేశముండి, దాని వెలుపల ప్లవకములు బ్రతుకజాలవనుకొందము. చెదరుటయొక్క వేగమును పెరుగుటయొక్క వేగముచే భాగించి, వర్గమూలము తీసి, 3.14చే గుణించిన, ఆ పట్టెకుండవలసిన కనీసపు వెడల్పు వచ్చును. చెదరుట సెకనుకు 10 చదరపుమీటర్లు, అనగా దినమునకు 8,64,000 చదరపుమీటర్లు అనుకొందము. దినమున కొకసారి రెట్టింపగుటకు పెరుగుదలవేగము 0.693, ఇది 2కు సహజలాగరితము. భాగింపగా సుమారు 12,46,750. వర్గమూలము 1,117. దానిని 3.14చే గుణింపగా సుమారు 3,500 మీటర్లు. అనగా ఇట్టి నీటియందు మూడున్నర కిలోమీటర్లకు తక్కువ వెడల్పుగల గుంపు నిలువజాలదు. రెట్టింపగుటకు ఒకదినమునకు బదులు నాలుగుదినములు పట్టినచో కనీసపు వెడల్పు ఏడు కిలోమీటర్లగును. సముద్రమున ప్లవకములు ఆకాశమునుండి కానవచ్చునంతటి మచ్చలుగా నేల యుండునో ఈ చిన్నలెక్క కొంత తెలుపుచున్నది.

లెక్కకు సాక్ష్యము, జాలరికి సాయము

ఎంత గొప్ప లెక్కయైనను కొలతతో సరిచూడనిది కథయే యగును. సముద్రమును సరిచూచుటకు రెండు గొప్ప సాధనములు కలవు.

మొదటిది ఉపగ్రహము. పత్రహరితము నీలికాంతిని మ్రింగి ఆకుపచ్చకాంతిని వదలును. కావున ప్లవకములు హెచ్చినకొలది సముద్రపు నీలిరంగు ఆకుపచ్చవైపు తిరుగును. ఈ భేదమును ఆకాశమునుండి కొలువవచ్చునని 1978లో అమెరికావారు పంపిన నింబస్-7 ఉపగ్రహము నిరూపించెను. మన దేశము ఓషన్‌శాట్ ఉపగ్రహములను 1999, 2009, 2022 సంవత్సరములలో ప్రయోగించెను. రెండవది ఆర్గో అను తేలుడుయంత్రము. అది సుమారు వేయిమీటర్ల లోతున కొట్టుకొనిపోవుచు, పదిదినముల కొకసారి రెండువేల మీటర్లవరకు దిగి, నీటి ఉష్ణతను ఉప్పదనమును కొలుచుచు పైకివచ్చి, కొలతలను ఉపగ్రహముద్వారా పంపును. కొన్ని యంత్రములు పత్రహరితమునుగూడ కొలుచును. ఉపగ్రహము సముద్రపు చర్మమును చూచును. తేలుడుయంత్రము దాని కడుపును చూచును.

ఇన్‌కాయిస్‌వారు ఈ కొలతలను స్వీకరించి, సముద్రజలముల చలనమును నమూనాలచే గణించుచు, దినదినము ప్రకటనలు చేయుచున్నారు. వీనిలో జాలరులకు మిక్కిలి యుపయోగించునది చేపలు దొరకు తావుల సూచన. చల్లనినీరు వెచ్చనినీరు ఒరసికొను సరిహద్దులను, పత్రహరితము హెచ్చుగా నున్న ప్రదేశములను గుర్తించి, ఏ రేవునుండి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరమున, ఎంత లోతుగల నీటియందు వల వేయవచ్చునో తెలుగు మొదలగు భాషలలో తెలుపుదురు. చేపలకొరకు సముద్రమున దిక్కుతోచక తిరుగుట తగ్గిన, డీజెలు మిగులును, ప్రొద్దు మిగులును. రోజంతయు తిరిగి రిక్తహస్తములతో వచ్చిన పడవకు ఇంధనపు ఖర్చే అప్పుగా మిగులునని తలచినపుడు, ఈ లెక్కల విలువ బోధపడగలదు. తూర్పుతీరమున ఏప్రిలు 15వ తేదీనుండి జూను 14వ తేదీవరకు యంత్రపుపడవల వేటకు నిషేధము గనుక, ఆ కాలమున ఈ సూచనలు నిలుపబడును.

ప్లవకములు హెచ్చుట యెల్లప్పుడును శుభము కాదు. 2019వ సంవత్సరము సెప్టెంబరు నెలలో మన్నారు సింధుశాఖయందు నాక్టిల్యూక అను జాతి మితిమీరి పెరిగి, నీరు పచ్చబడి, ప్రాణవాయువు క్షీణించుటచే చేపలును పగడపుజీవులును చచ్చెను. ఇట్టి మితిమీరిన పెరుగుదలలను కనిపెట్టి తెలుపు సేవయు ఇన్‌కాయిస్‌వారు నడుపుచున్నారు.

అయినను ఈ సాధనములకు హద్దులు కలవు. వానకాలమున మేఘములు కప్పిన ఉపగ్రహము సముద్రపు రంగును చూడజాలదు. గోదావరివంటి నది తెచ్చిన ఒండ్రునీరు రంగును మార్చి ప్లవకముల లెక్కను తప్పుదారి పట్టించును. పచ్చిక యున్నంతమాత్రమున పసులమంద అచ్చటనే యుండునని నిశ్చయము లేదు. కావున సూచన యనగా వాగ్దానము కాదు. ఆశకు ఆధారము మాత్రమే.

మన చెరువు ఖాతా

ఇక సముద్రపు పుస్తకమును మూసి, అదే విధముగా సరూర్‌నగరు చెరువునకు ఒక ఖాతా తెరచి చూతము.

వెలుతురు జమ: చెరువు లోతు తక్కువ గనుక పైనీటికి ఎండ సమృద్ధి. పోషకముల జమ: చుట్టుపట్ల వెలసిన కాలనీల మురుగునీరు చెరువు చేరినపుడెల్ల నైట్రేటు, ఫాస్ఫేటు దండిగా చేరును. సముద్రమున లోతునుండి ఉబికి రావలసిన యెరువు ఇచ్చట కాలువల వెంట నడచివచ్చుచున్నది. ఖర్చు: చెదరిపోవుటకు చోటులేదు. వేసవిలో కొట్టుకొనిపోవుటకు ప్రవాహములేదు. జమ హెచ్చి ఖర్చు తగ్గిన ఖాతా యేమగునో చెప్పనక్కరలేదు, నీరు పచ్చబడును.

పచ్చబడిన పిమ్మట జరుగునది గ్రహింపదగినది. పగటివేళ ప్లవకములు ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ ఎండలేదు గనుక విడుచుట ఆగును; కాని శ్వాసించుట ఆగదు. చచ్చినవానిని కుళ్లించు సూక్ష్మక్రిములును శ్వాసించుచుండును. ఇట్లు రాత్రియంతయు ప్రాణవాయువు ఖర్చగుచు, తెల్లవారుజామునకు మిక్కిలి కొరతపడును. పచ్చబడిన చెరువులలో చేపలు వేకువజామున నీటిపైకివచ్చి నోళ్లు తెరచుట కిదియే కారణము. అప్పటికిని ప్రాణవాయువు చాలకున్నచో ఉదయమునకు అవి వెల్లకిలపడి తేలును. జనులు విషము కలిసినదని యనుకొనవచ్చును. విషము లేకయే, మితిమీరిన పచ్చదనమే చేపల ప్రాణము తీయగలదు.

సముద్రమునకును చెరువునకును గల ముఖ్యభేద మిచ్చటనే కలదు. సముద్రపు ఖాతాలో గాలులను, ప్రవాహములను మార్చుట మన చేతిలో లేదు. ముందుగా తెలిసికొని మెలగుటయే మన చేయదగిన పని. చెరువు ఖాతాలోనో, ఎండను ఆపలేము, వేసవిని ఆపలేము. కాని పోషకముల జమను ఆపుట పూర్తిగా మనుష్యుల చేతిలోనిది. మురుగును శుద్ధిచేయక చెరువున కలుపకుండుట యొక్కటే యిందుకు మూలచికిత్స. పైపైన తేలు గుఱ్ఱపుడెక్కను తీసివేయుట మంచిపనియే; కాని యెరువు వచ్చుచున్నంతకాలము క్రొత్త పచ్చిక మొలచుచునే యుండును. ఖర్చును మాత్రమే పెంచి జమను వదలివేసిన లెక్క యెన్నటికిని కుదురదు.

విద్యార్థులు చేయదగిన పని

ఈ శాస్త్రమున ప్రవేశించుటకు ఓడలు, ఉపగ్రహములు కావలెనని నిరుత్సాహపడరాదు. ఏంజెలో సెక్కీ అను జెస్యూటు మతగురువు ఖగోళశాస్త్రమున ప్రసిద్ధుడు. ఆయన 1865లో మధ్యధరాసముద్రమున తెల్లని పళ్లెమును త్రాటితో నీటిలోనికి దింపి, అది కనబడకపోవు లోతును కొలిచి, నీటి తేటదనమును నిర్ణయించెను. నేటికిని ఆ పళ్లెము సెక్కీ బిళ్ల యను పేర ప్రపంచమంతట వాడబడుచున్నది. తెల్లరంగు వేసిన రేకుబిళ్ల, ఒక బరువు, కొలతముడులు వేసిన త్రాడు ఉన్న చాలును. ఉపాధ్యాయుల తోడుతో, ఒకే తావున, ఒకే వేళ, వారమున కొకసారి కొలిచి తేదీతో వ్రాసియుంచినచో, ఏడాది తిరుగునప్పటికి నీరు ఎప్పు డెంత పచ్చబడినదో చెప్పు పుస్తకము సిద్ధమగును.

పాఠశాలయందే చేయదగిన పరీక్ష యింకొకటి కలదు. చెరువునీటిని మూడు గాజుసీసాలలో సమముగా పోయుడు. ఒకదానిని కిటికీవద్ద వెలుతురున నుంచుడు. రెండవదానిని కొంచెము పొలపుటెరువు కలిపి అచ్చటనే యుంచుడు. మూడవదానికిని అంతే యెరువు కలిపి చీకటిగదిలో నుంచుడు. మూతలు బిగింపక, పల్చని గుడ్డ కట్టుడు. దినదినము ఒకే తెల్లకాగితము ముందుంచి రంగు చూచి వ్రాసికొనుడు. వెలుతురుండి యెరువు తక్కువైన నేమగునో, యెరువుండి వెలుతురు లేకున్న నేమగునో, రెండును కలిసిన నేమగునో మీ కన్నులకే తెలియును. మూడు సీసాల ఈ లెక్క రైలీ లెక్కకు బీజము. నీటిని త్రాకిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనుట మరువరాదు.

ప్రగతినగరునందలి గొప్ప కంప్యూటరునకును, బాలుని చేతిలోని నోటుపుస్తకమునకును పరిమాణమున భేదమే కాని ధర్మమున భేదము లేదు. వచ్చినదెంత, పోయినదెంత, మిగిలినదెంత యని నిజాయితీగా వ్రాసి, మరునాడు మరల కొలిచి సరిచూచుటయే రెండింటి ధర్మము. ఆ పుస్తకమున మొదటి పంక్తి వ్రాయుటకు ఈ వేసవియే తగిన తరుణము.